పిండి పొంగేదాకా

రాత్రి ఒకటిన్నర.
అలారం మోగలేదు.
దాన్ని ఎప్పుడో మనవడు విప్పి
మళ్ళీ బిగించలేక చేతులెత్తేశాడు.
ఆ గడియారంలో మిగిలిపోయిన స్ప్రింగేదో
నా లోపల పడ్డట్టుంది.
సరిగ్గా ఈ వేళకే టక్కుమంటుంది.

నలభై ఒక్క ఏళ్ళు.
త్బిలిసీలో, నదికి ఎగువన, మెట్లు దిగితే వచ్చే రొట్టెల కొట్టు.
బావిలాంటి మట్టి పొయ్యిలోకి నడుందాకా వంగి
పడవల్లాంటి రొట్టెల్ని లోపలి గోడకి చరిచేవాణ్ణి.
కనుబొమలు ఎన్నిసార్లు కాలాయో లెక్కలేదు.
ఊరు లేచేసరికి రొట్టె వెచ్చగా ఉండాలంటే
ఎవడో ఒకడు మేలుకోవాలి కదా.
ఆ ఒకడు ఎల్గుజా. అంటే నేను.

ఇప్పుడా కొట్లో ఫోన్లకి పగిలిన అద్దాలు మారుస్తారు.
నాకు డెబ్బై తొమ్మిది.
పని అయిపోయిందన్న కబురు
ఒంటికి ఇంకా అందలేదు.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు.
నాది సుఖం మరిగిన నిద్ర కాబోలు.
పిండి బస్తాల మీద పిలవకుండానే వచ్చేది,
పరుపు కొన్నాక
ముఖం చాటేసింది.

డాక్టరమ్మ నెస్తాన్ చిన్నపిల్ల. ఓపికగా చెప్పింది:
పగలు కునుకు తీయొద్దు,
పొద్దుగూకాక టీ ముట్టొద్దు,
నిద్ర రాకపోతే మంచం మీద దొర్లొద్దు, లేచెళ్ళిపో.
మాత్ర కూడా ఇచ్చింది.
వేసుకున్న మర్నాడు నోరంతా దూది,
చెప్పులు ఫ్రిజ్‌లో దొరికాయి.
మాత్రలు మానేశాను. టీ మానేశాను.
కునుకు సంగతి
డాక్టరమ్మకి చెప్పకండి.

అసలు గొడవ వేరే ఉంది.
నజిబ్రోలాకీ నాకూ పెళ్ళై యాభై ఏళ్ళు దాటింది.
ఒక్క రాత్రి కూడా పూర్తిగా ఒకే మంచం మీద
ఇద్దరం నిద్రపోయి ఎరగం.
నేను లేచి తలుపు దగ్గరికి వేసిన చప్పుడుకి
ఆమె మంచానికి అడ్డంగా తిరిగి
అసలు నిద్రలోకి దిగేదట.
పోయిన చలికాలం చెప్పింది ఈ మాట,
బీన్స్ ఒలుస్తూ, తలెత్తకుండా:
"నువ్వు పక్కనుంటే నాకు పట్టదు.
పైకప్పు వంక చూస్తూ ఊపిరి పీలుస్తావు,
ఎవరో బస్సు కోసం నిలబడ్డట్టు."

నాకు కోపం వచ్చింది.
రెండు రోజులు మాట్లాడలేదు.
మూడో రాత్రి ఒకటిన్నరకి
లేచాను. చొక్కా వేసుకున్నాను.
గది తలుపు
పాతకాలంలో వేసినట్టే దగ్గరికి వేశాను.
లోపల మంచం కిర్రుమంది,
ఆమె అడ్డం తిరిగింది.

వంటింట్లో దీపం ఒకటే.
పిండి, గోరువెచ్చని నీళ్ళు, ఉప్పు,
నిన్నటి పులిసిన ముద్దలోంచి చిటికెడు.
రెండు రొట్టెలకి సరిపడా, అంతే.
ఒకప్పుడు రెండువందలు చేసిన చేతులు
ఇంతేనా అన్నట్టు నా ముఖం చూశాయి.
పిసుకుతుంటే భుజం నొప్పి.
తట్టుకోగలిగిన నొప్పే, పేరు పెట్టి పిలవగలిగిన నొప్పి.
పరుపు మీద వచ్చేదానికి పేరు లేదు.

ముద్ద మీద తడిగుడ్డ కప్పి
కుర్చీలో కూర్చున్నాను.
పిండి పొంగాలి. దాన్ని తొందరపెట్టలేం.
"పొంగు, పొంగు" అని పక్కన కూర్చుంటే
అది మొండికేస్తుంది.
పట్టించుకోనట్టు నటించాలి,
కిటికీలోంచి ఎదురింటి కొయ్య వసారా,
తీగ మీద ఎవరిదో ఆరని లాగు,
చూస్తూ

తర్వాత ఏమైందో నాకు తెలీదు.

నజిబ్రోలా చెప్పింది పొద్దున.
గుడ్డ గొడుగులా లేచిందట,
పిండి గిన్నె అంచు దాటి
బల్ల మీద, బల్ల మీంచి నా మోకాలి మీద.
లేపలేదట.
తనే దాన్ని కూడదీసి కాల్చింది, అడుగు మాడ్చింది.
నలభై ఒక్క ఏళ్ళు రొట్టెలవాడి పెళ్ళాం,
ఇంకా మాడుస్తుంది!

"ఎంతసేపు పోయాను?" అన్నాను.
"మూడు గంటలు."
"అబద్ధం. రెండున్నర."
"గురక మూడు గంటలదే."
మాడిన అడుగు చాకుతో గీకుతూ
డాక్టరమ్మకి ఎంతని చెప్పాలో
ఇంకా తేల్చుకోలేదు మేము.